కిడ్నీ రోగుల యూరిన్, ప్లాస్మాకి ప్రొటీన్ ప్రొఫైలింగ్: బెంగళూరులో ఎవరికి ఇవ్వాలి, ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

ఉద్దానం_పిల్ల | శనివారం, ఉదయం 9:40

అందరికీ నమస్తే. బెంగళూరులో ఒక మెడికల్ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. సొంతూరు సోంపేట దగ్గర. మా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఇక్కడ చాలామంది వినే ఉంటారు. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం తీసుకున్నా అదే కథ. షుగర్ లేదు, బీపీ లేదు, కొబ్బరి తోటలో జీడి తోటలో రోజంతా పని చేసే మనిషి ఉన్నట్టుండి ఆకలి లేదంటాడు, టెస్టు చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడగట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) అప్పటికే ఐదో ఆరో ఉంటుంది. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు. ఇదీ కారణం అని ఎవరూ తేల్చలేదు.

నా థీసిస్ దీని మీదే. ఉద్దానం నుంచి 30 మంది రోగులు, పోల్చడానికి ఇక్కడ మా కాలేజీ స్టాఫ్‌లో 30 మంది ఆరోగ్యవంతులు అనుకున్నాం. ప్లాస్మా, యూరిన్ రెండూ తీసి బయట సర్వీసుకి ఇచ్చి ప్రొటీన్ ప్రొఫైలింగ్, అంటే అందులో ఏ ప్రొటీన్లు ఎంతెంత ఉన్నాయో ఒకేసారి చూడటం, చేయించాలని మా గైడ్ ఆలోచన. రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి మాస్ స్పెక్ట్రోమెట్రీ, ఇంకొకటి యాంటీబాడీ ప్యానెల్ (ముందే ఎంచుకున్న ప్రొటీన్ల జాబితాని యాంటీబాడీలతో కొలిచేది). గ్రాంటు డబ్బులు ఒక్కదానికే సరిపోతాయి. శాంపిళ్లు తీయడం ఇంకా మొదలుపెట్టలేదు. ఇందులో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి. ఎందులోకి వెళ్లమంటారు?

---

ట్రిప్సిన్ | శనివారం, ఉదయం 10:25

శాంపిళ్లు తీయకముందే అడిగావు, ముందు దానికి సంతోషం. నేను ఇక్కడే ఒక కోర్ ఫెసిలిటీలో చాలా ఏళ్లుగా మాస్ స్పెక్ నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫ్రీజర్ నిండా ట్యూబులు నింపుకున్నాకే వస్తారు. అప్పటికి మేం చెప్పగలిగేది తక్కువ.

ముందు మెషిన్‌లో ఏం జరుగుతుందో చెబుతాను, తర్వాత మాట్లాడుకోవడానికి పనికొస్తుంది. ప్రొటీన్‌ని ట్రిప్సిన్‌తో కోస్తాం. అది లైసిన్, ఆర్జినిన్ ఉన్నచోటే కోస్తుంది కాబట్టి ముక్కలు ఎలా వస్తాయో ముందే లెక్క కట్టొచ్చు. ఆ పెప్టైడ్లు సన్నటి కాలమ్‌లోంచి ఒక్కొక్కటిగా బయటికొచ్చి, విద్యుదావేశంతో గాలిలోకి తుంపరగా వెళ్లి మెషిన్‌లో పడతాయి. మెషిన్ వాటి బరువు తూస్తుంది, మళ్లీ విరగ్గొట్టి ఆ తునకల బరువూ తూస్తుంది. అది ఏ ప్రొటీన్ ముక్కో డేటాబేస్‌తో పోల్చి సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఇంత పెద్ద అణువుల్ని చెదరగొట్టకుండా గాలిలోకి పంపే పద్ధతులకే జాన్ ఫెన్‌కీ, కోయిచి తనాకాకీ 2002లో నోబెల్ వచ్చింది.

ప్లాస్మాతో పెద్ద చిక్కు ఆల్బుమిన్, అందులో అన్నింటికంటే ఎక్కువగా ఉండే ప్రొటీన్. ఒక మిల్లీలీటరులో సుమారు 40 మిల్లీగ్రాములు అదే ఉంటుంది. నువ్వు వెతికే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సైటోకైన్లు (కణాలు ఒకదానికొకటి సంకేతాలుగా పంపుకునే ప్రొటీన్లు) పికోగ్రాముల్లో ఉంటాయి. అంటే వెయ్యి కోట్ల రెట్ల తేడా. తిరునాళ్ల రద్దీలో ఒక పిల్లాడి గొంతు పట్టుకోవడం లాంటిది. ఎక్కువగా ఉండే ప్రొటీన్లని కాలమ్ మీద తీసేసి మిగతాది చూడొచ్చు, కానీ ఆల్బుమిన్‌కి అతుక్కున్నవి కూడా దాంతోపాటే పోతాయి.

యూరిన్ వేరు. అక్కడ మాస్ స్పెక్‌కి తిరుగులేదని నా అభిప్రాయం. కిడ్నీ జబ్బుకి కిడ్నీ నుంచి వచ్చేదాన్నే చూడటం కూడా న్యాయం.

బెంగళూరులో చోటుకి కొదవ లేదు. జీకేవీకే క్యాంపస్‌లో సీ-క్యాంప్ ఉంది, 2009లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ పెట్టింది, బయటివాళ్లకీ సర్వీసు చేస్తుంది. ఐఐఎస్‌సీలో ఫెసిలిటీ ఉంది. వైట్‌ఫీల్డ్ ఐటీపీఎల్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ ఉంది. 2014లో నేచర్‌లో వచ్చిన మానవ ప్రొటీయోమ్ తొలి మ్యాప్‌లో ఆ సంస్థది పెద్ద చెయ్యి. 30 రకాల ఆరోగ్యకరమైన కణజాలాలు, కణాలు తీసుకుని 17,294 జన్యువుల ప్రొటీన్లని గుర్తించారు. ఆ పేపర్‌లో కొన్ని గుర్తింపుల మీద తర్వాత గట్టి విమర్శలూ వచ్చాయి, ముఖ్యంగా ముక్కులో వాసన పట్టే రిసెప్టర్లు వాటికి సంబంధం లేని కణజాలాల్లో కనిపించాయన్న చోట. అవి కూడా చదువు. ఎంత కఠినంగా జల్లెడ పట్టాలో తెలుస్తుంది.

---

వైట్‌ఫీల్డ్‌వాసి | శనివారం, ఉదయం 11:10

అక్కా, నమస్తే. నేను ఫార్మా వైపు పనిచేస్తాను కాబట్టి రెండో వైపు మాట కూడా పెడతాను.

ప్లాస్మాకి ఇవాళ ఓలింక్, సోమాస్కాన్ లాంటి ప్యానెళ్లని పక్కన పెట్టడం కష్టం. ఓలింక్ పద్ధతిలో ఒక ప్రొటీన్‌కి రెండు యాంటీబాడీలు, ఒక్కోదానికి ఒక డీఎన్‌ఏ తోక. రెండూ ఒకే ప్రొటీన్ మీద పక్కపక్కన కూర్చుంటేనే తోకలు కలుస్తాయి. కలిసినవాటినే లెక్కపెడతారు. రెండు తాళంచెవులూ పడాలి కాబట్టి పొరపాటు సిగ్నల్ తగ్గుతుంది. శాంపిల్ ఒకటి రెండు మైక్రోలీటర్లు చాలు. సోమాస్కాన్‌లో యాంటీబాడీల బదులు మార్పు చేసిన డీఎన్‌ఏ ఆప్టామర్లు (ప్రొటీన్‌కి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వాడతారు.

యూకే బయోబ్యాంక్‌లో 54,219 మంది ప్లాస్మాని ఓలింక్‌తో చూశారు, 2,923 ప్రొటీన్లు. 2023లో నేచర్‌లో వచ్చింది. అంతమందిని మాస్ స్పెక్‌తో అంత లోతుకి చూడటం అప్పటికి ఎవరివల్లా కాలేదు. పికోగ్రాముల్లో ఉండే సైటోకైన్లు కావాలంటే మెషిన్ ముందు కూర్చుని తవ్వుకోవడం కంటే ఇదే నయం.

---

ట్రిప్సిన్ | శనివారం, ఉదయం 11:45

కాదనను. కానీ ఈ అమ్మాయి ప్రశ్న చూడండి. కారణమే తెలియని జబ్బు. ప్యానెల్‌లో ఏముందో దాన్ని మాత్రమే ప్యానెల్ చూస్తుంది. జాబితాలో లేని ప్రొటీన్ ఎంత పెరిగినా దానికి కనిపించదు. పైగా కిడ్నీ జబ్బులో మొత్తం ప్రొటీన్ కంటే తెగిన ముక్కలే ఎక్కువ కథ చెప్పవచ్చు. యూరిన్‌లో సహజంగా ఉండే 273 పెప్టైడ్లతో జర్మనీలో ఒక క్లాసిఫయర్ (కిడ్నీ జబ్బు ఉందో లేదో లెక్కగట్టి చెప్పే పద్ధతి) తయారుచేశారు, సీకేడీ273 అని. అందులో చాలావరకు కొల్లాజెన్ ముక్కలు. కిడ్నీలో మచ్చకట్టడం మొదలైనప్పుడు కొల్లాజెన్ తెగడంలో తేడా వస్తుంది కాబట్టి అవి మారతాయని వాళ్ల వివరణ. అలాంటి ముక్కలకి తయారు ప్యానెల్ పనికిరాదు.

ఇంకో మాట. ఓలింక్, సోమాస్కాన్ రెండూ ఒకే ప్రొటీన్ కొలుస్తున్నామంటాయి. ఐస్‌లాండ్‌లోని డీకోడ్ అనే జన్యు పరిశోధన సంస్థ వాళ్లు 2023లో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా ప్రొటీన్లకి పొంతన అంతంతమాత్రంగానే తేలింది. కాబట్టి ప్యానెల్‌లో పేరు కనిపించగానే అదే ప్రొటీన్ అని నమ్మకూడదు.

---

వైట్‌ఫీల్డ్‌వాసి | శనివారం, మధ్యాహ్నం 12:05

ఆ మాట ఒప్పుకుంటాను. ప్యానెళ్లు చాలావరకు ప్లాస్మా, సీరమ్ కోసం సరిచూసినవే. యూరిన్‌లో నడిపించాలంటే ఎంత పలుచన చెయ్యాలో ముందు విడిగా చూసుకోవాలి. ప్లాస్మా గురించి మాత్రం నా మాట మీదే ఉన్నాను.

---

నెఫ్రో_డాక్టర్ | శనివారం, మధ్యాహ్నం 2:30

ఓపీ అయ్యాక ఇప్పుడే చూశాను. మెషిన్ గురించి మీ ఇద్దరి మాటా బాగుంది. కానీ నాకు భయం వేసింది ఇంకోచోట. అమ్మా, నువ్వు ఎవరితో పోలుస్తున్నావు?

కిడ్నీ పని ఏమిటి? చిన్న ప్రొటీన్లని వడగట్టి బయటికి పంపడం, లేదా ట్యూబుల్స్‌లో (కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో) పీల్చుకుని అరగదీయడం. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడగడుతోందో చెప్పే అంకె) 20కి పడిపోయిన మనిషి ప్లాస్మాలో సిస్టాటిన్-సి, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ లాంటివి ఎలాగూ పేరుకుంటాయి. అలాంటి చిన్న ప్రొటీన్లు వందల్లో ఉంటాయి. ఆ మనిషిని ఆరోగ్యంగా ఉన్న నీ కాలేజీ స్టాఫ్‌తో పోలిస్తే నీకు వందల ప్రొటీన్లు "తేడా" అని వస్తాయి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. అవన్నీ చెప్పేది ఒక్కటే: వీళ్లకి కిడ్నీ పనిచేయడం లేదు. అది ₹100 క్రియాటినిన్ టెస్టు కూడా చెబుతుంది.

నీకు కావలసింది ఉద్దానం జబ్బుకే ప్రత్యేకమైనది. అంటే అదే స్థాయి ఈజీఎఫ్‌ఆర్ ఉన్న షుగర్ కిడ్నీ రోగులు కావాలి, కుదిరితే బీపీ వల్ల దెబ్బతిన్నవాళ్లు కూడా. వాళ్లని పక్కన పెట్టాకే ఉద్దానంలో మాత్రమే కనిపించేది ఏదో తెలుస్తుంది. ఇంకా మంచిది, మరీ ముదరని రోగులని తీసుకో. డయాలసిస్ దాకా వచ్చిన కిడ్నీలో మచ్చ తప్ప మిగిలేది తక్కువ. జబ్బు ఎలా మొదలైందో అది చెప్పలేదు.

ఇలాంటి కారణం తెలియని కిడ్నీ జబ్బులో యూరిన్‌లో ఆల్బుమిన్ పెద్దగా పోదు. దెబ్బ గ్లోమెరులస్‌కి (రక్తాన్ని వడగట్టే జల్లెడకి) కాదు, ట్యూబుల్స్‌కి, వాటి చుట్టూ ఉన్న కణజాలానికి. అందుకే యూరిన్‌లో ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్, రెటినాల్ బైండింగ్ ప్రొటీన్, కిమ్-1, ఎన్‌గాల్ లాంటి, ట్యూబుల్స్ దెబ్బని చూపే ప్రొటీన్లు చూడాలి. ఆల్బుమిన్ తక్కువ కాబట్టి నీ యూరిన్‌లో మాస్ స్పెక్‌కి ఆ అడ్డం కూడా తక్కువే. ట్రిప్సిన్ గారి మాటకి ఇది నా బలం.

---

గణితం_మాస్టారు | శనివారం, సాయంత్రం 4:15

డాక్టర్ గారు చెప్పినదానికి తోడు నాది ఇంకొకటి. రోగులు ఉద్దానం నుంచి, ఆరోగ్యవంతులు బెంగళూరు నుంచి. ఈ డిజైన్‌తో డబ్బు ఖర్చు పెట్టొద్దు.

ఎందుకంటే ఒక గుంపు తాగే నీళ్లు వేరు, తినే తిండి వేరు, చేసే పని వేరు. రక్తం తీసిన చెయ్యి వేరు, తిప్పిన సెంట్రిఫ్యూజ్ వేరు, ఫ్రీజర్‌కి చేరడానికి పట్టిన టైమ్ వేరు. చివర్లో వచ్చే తేడా జబ్బుదో, ప్రయాణానిదో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. రెండు గుంపులూ ఒకచోట ఒకే చేత్తో తీయాలి.

ఈ రంగంలో అందరూ చదవాల్సిన ఉదంతం ఒకటి ఉంది. 2002లో లాన్సెట్‌లో ఒక పేపర్ వచ్చింది. రక్తంలోని ప్రొటీన్ల నమూనాని మాస్ స్పెక్‌తో చూసి అండాశయ క్యాన్సర్‌ని పట్టేశామన్నారు. 50 క్యాన్సర్ శాంపిళ్లలో 50 పట్టింది, మిగతా 66లో 63 సరిగ్గా చెప్పింది. లోకమంతా సంబరపడింది. తర్వాత అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లోని గణాంక శాస్త్రజ్ఞులు బాగర్లీ, కూంబ్స్ బృందం, వాళ్లు బయటపెట్టిన డేటాని తిరిగి లెక్కేసింది. క్యాన్సర్‌వి, మామూలువి కలగలిపి నడపని ఆనవాళ్లు బయటపడ్డాయి. తేడా చూపిస్తున్న చోట్లలో కొన్ని మెషిన్ రొద తప్ప జీవం ఉన్న సిగ్నల్ వచ్చే చోట్లే కావు. మార్కెట్‌లోకి తెద్దామనుకున్న ఆ టెస్టు అక్కడితో ఆగిపోయింది.

ఆశతో ఎదురుచూసిన ఆడవాళ్లు ఎంతమందో ఆలోచించండి. అందుకే ఈ విషయంలో నేను కటువుగా మాట్లాడతాను.

ఇంకా లెక్కలోకి వస్తే: 3,000 ప్రొటీన్లు పరీక్షించి పీ విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 దగ్గర గీత గీస్తే, అసలు ఏ తేడా లేకపోయినా 150 ప్రొటీన్లు కేవలం అదృష్టం కొద్దీ బయటపడతాయి. సర్వీసు వాళ్లు పంపే ఎక్సెల్‌లో ఇన్ని పరీక్షలు చేసినందుకు సరిదిద్దిన పీ విలువ కాలమ్ ఉందో లేదో ముందు అడుగు. చాలా రిపోర్టుల్లో తేడా ఉన్న ప్రొటీన్లని ఎర్ర చుక్కలుగా చూపే వోల్కనో ప్లాట్ అనే బొమ్మ అందంగా ఉంటుంది, ఆ ఒక్క కాలమ్ ఉండదు.

---

ఉద్దానం_పిల్ల | శనివారం, సాయంత్రం 5:50

డాక్టర్ గారూ, మాస్టారూ, మీ మాటలు మా గైడ్‌కి చదివి వినిపించాను. స్టాఫ్ ప్లాన్ పక్కన పెట్టేద్దామన్నారు. ఉద్దానంలోనే అదే ఊళ్లలో కిడ్నీ బాగున్నవాళ్లని తీసుకుంటాం. షుగర్ కిడ్నీ రోగులు కూడా అక్కడే దొరుకుతారు. పలాసలో 2023లో కిడ్నీ ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి కాబట్టి అక్కడివాళ్లతో మాట్లాడమన్నారు.

ఒక సందేహం. గుంపుకి 30 చొప్పున మూడు గుంపులంటే 90 అవుతుంది. ఖర్చు పెరిగిపోతుంది. శాంపిళ్లు పది పది కలిపి పూల్ చేసి నడిపితే?

---

గణితం_మాస్టారు | శనివారం, సాయంత్రం 6:10

వద్దు తల్లీ. పూల్ చేస్తే మనిషికీ మనిషికీ మధ్య తేడా మాయమవుతుంది. నీకు మిగిలేది గుంపుకి మూడు అంకెలు. ఒక్క మనిషిలో ఏదో ప్రొటీన్ ఆకాశానికంటితే పూల్ మొత్తం అతనే లాగేస్తాడు, నీకు తెలియను కూడా తెలియదు. 90 కుదరకపోతే ప్లాస్మా వదిలేసి యూరిన్ ఒక్కటే అందరిదీ చెయ్యి. రెండు ద్రవాలు సగం సగం మంది మీద చేసేకంటే ఒక ద్రవం నిండా చేయడం మేలు.

---

కవిటి_కొడుకు | శనివారం, రాత్రి 8:35

ఇక్కడ నేను మాట్లాడొచ్చో లేదో తెలియదు, సైన్స్ చదువుకోలేదు. మారతహళ్లిలో ఉంటాను, క్యాబ్ నడుపుతాను. మాది కవిటి మండలం. మా నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. మా ఊళ్లో ఎన్నోసార్లు వచ్చి రక్తం తీసుకెళ్లారు. ఏమైందో ఎవరూ మళ్లీ వచ్చి చెప్పలేదు. ఈ ప్రొటీన్ పరీక్ష మా నాన్నకి చేయిస్తే మందు ఏదైనా తెలుస్తుందా? డబ్బులు ఎలాగైనా చూసుకుంటాను.

---

నెఫ్రో_డాక్టర్ | శనివారం, రాత్రి 9:05

తమ్ముడూ, నువ్వు ఇక్కడ మాట్లాడటమే కావాలి. సూటిగా చెబుతాను. ఈ పరీక్ష మీ నాన్నగారి వైద్యాన్ని ఇవాళ ఏ రకంగానూ మార్చదు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు. ఎవరైనా ప్రైవేట్ ల్యాబ్ "వేల ప్రొటీన్లు చూసి జబ్బు కారణం చెబుతాం" అని డబ్బులడిగితే ఇవ్వొద్దు. డయాలసిస్ ఒక్కరోజు కూడా తప్పకుండా చూడటం, హిమోగ్లోబిన్, పొటాషియం, ఫాస్ఫరస్ కంట్రోల్, ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపిన చోటు) జాగ్రత్త, ట్రాన్స్‌ప్లాంట్‌కి పేరు నమోదు గురించి మీ డాక్టర్‌తో మాట్లాడటం. ఇవి మీ నాన్నకి పనికొచ్చేవి. ఇంట్లో మిగతావాళ్లు, ముఖ్యంగా నీ అన్నదమ్ములు, ఏడాదికోసారి క్రియాటినిన్, యూరిన్ టెస్టు చేయించుకోండి. నువ్వు కూడా.

ప్రొటీన్ పరిశోధన నుంచి క్లినిక్ దాకా వచ్చినవి ఉన్నాయి, కాదనను. అండాశయ గడ్డల ఆపరేషన్‌కి ముందు చూసే ఓవీఏ1 అనే ఐదు ప్రొటీన్ల టెస్టుకి అమెరికా ఎఫ్‌డీఏ 2009లో అనుమతి ఇచ్చింది. అల్జీమర్స్‌కి రక్తంలో పీ-టావ్217 చూసే టెస్టుకి 2025లో ఇచ్చింది. వాటి వెనక ఎన్నో ఏళ్ల శ్రమ ఉంది. ఉద్దానం విషయంలో ఆ దారి ఇప్పుడే మొదలవుతోంది. ఉపయోగం బహుశా మీ తర్వాతి తరానికి.

---

ఉద్దానం_పిల్ల | శనివారం, రాత్రి 9:30

అన్నా, మీ మాట గట్టిగా తగిలింది. రక్తం తీసుకెళ్లి ఎవరూ మళ్లీ రాలేదన్న మాట మా ఊళ్లో మా పిన్ని కూడా అంటుంది. మా కన్సెంట్ ఫారంలో ఈ మాట రాయిస్తాను: ఫలితం ఏదొచ్చినా, ఏమీ రాకపోయినా, ఊరికి వచ్చి సభ పెట్టి తెలుగులో చెబుతాం. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు కాబట్టి ఒడియాలో కూడా.

---

కవిటి_కొడుకు | శనివారం, రాత్రి 9:50

అలా చేస్తే చాలమ్మా. మా ఊరు వచ్చినప్పుడు చెప్పు, మనుషుల్ని నేను పోగుచేస్తాను.

---

ల్యాబ్_తమ్ముడు | ఆదివారం, ఉదయం 7:20

అందరూ పెద్దవాళ్లు మాట్లాడారు. నేను శాంపిళ్లు తీసి ప్రాసెస్ చేసే టెక్నీషియన్‌ని, నా వైపు నుంచి రాస్తాను. ఇక్కడే ఎక్కువ పాడవుతాయి.

యూరిన్‌కి ఉదయాన్నే మొదటిసారి వెళ్లింది కాకుండా రెండోది, మధ్య ధార తీసుకో. అందరికీ ఒకే పద్ధతి ఉండాలి. వెంటనే డిప్‌స్టిక్ ముంచి రక్తం, ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో చూడు. రక్తం ఉంటే ఆ శాంపిల్‌లో హిమోగ్లోబిన్ మిగతావాటిని కప్పేస్తుంది. ఆడవాళ్లకి నెలసరి సమయంలో తీయొద్దు, ఈ మాట అడగడానికి ఒక ఆశా వర్కర్‌ని వెంట ఉంచుకో. ఫ్రీజ్ చేయకముందే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలు తీసేయాలి. తిప్పకుండా గడ్డకట్టిస్తే కణాలు పగిలి వాటి లోపలి ప్రొటీన్లన్నీ యూరిన్‌లో కలుస్తాయి.

యూరిన్ చల్లబడితే అడుగున తెల్లగా తేట విరిగినట్టు దిగుతుంది, చూసే ఉంటావు. అందులో ఎక్కువభాగం ఉరోమాడ్యులిన్, కిడ్నీయే తయారుచేసే ప్రొటీన్. ఉండలు కడుతూ వేరేవాటినీ పట్టుకుంటుంది. కరిగించాక 37 డిగ్రీల దగ్గర ఉంచి బాగా కలపకుండా పైపై తేటనే పిపెట్‌తో తీస్తే కొలత తప్పుతుంది. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అయితే ఆమ్ల గుణం ఉన్న యూరిన్‌లో దానంతటదే పాడైపోతుంది. దానిమీద ఆధారపడొద్దు, డాక్టర్ గారు చెప్పిన ఆల్ఫా-1 నయం. ప్రతి శాంపిల్‌కి క్రియాటినిన్ కూడా కొలిపించు, లేకపోతే ఎక్కువ నీళ్లు తాగినవాడికి అన్నీ తక్కువ ఉన్నట్టు కనిపిస్తాయి. ఎండలో పనిచేసేవాళ్ల యూరిన్ ఎంత చిక్కగా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

ప్లాస్మా కూడా తీసి దాచుకో, ఇప్పుడు నడపకపోయినా. ఊదా మూత ఈడీటీఏ ట్యూబ్ వాడు. సీరమ్ వద్దు, రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్ల నుంచి ప్రొటీన్లు బయటికొస్తాయి. తిప్పాక పై పొర తీసేటప్పుడు తెల్లకణాల పొర దగ్గరికి పిపెట్ పోనీయొద్దు, కాస్త వదిలేసినా ఫర్వాలేదు. గులాబీ రంగు కనిపిస్తే అది పగిలిన రక్తం, నోట్‌బుక్‌లో రాసి పెట్టు. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80లో పెట్టు. ఒకే పెద్ద ట్యూబ్‌ని మళ్లీ మళ్లీ కరిగించే పని పెట్టుకోవద్దు.

ఇక కెరాటిన్, మన చర్మంలో, జుట్టులో ఉండే ప్రొటీన్. జుట్టు, చర్మపు పొట్టు, ఉన్ని స్వెటర్ల నుంచి రాలుతుంది. ల్యాబ్‌లో గ్లవ్స్ వేసుకుని అదే చేత్తో నుదురు తుడుచుకునేవాళ్లని ఎంతమందినో చూశాను. ఆ ఒక్క పనితో మెషిన్‌లో ముందు వరసలో మన చర్మం కనిపిస్తుంది. డిటర్జెంట్‌తో కడిగిన గాజు సామాను కూడా వాడొద్దు. ట్రైటాన్, పీఈజీ లాంటివి కొద్దిగా ఉన్నా మాస్ స్పెక్ సిగ్నల్‌ని తినేస్తాయి.

---

ట్రిప్సిన్ | ఆదివారం, ఉదయం 8:40

తమ్ముడు రాసింది ప్రింట్ తీసి గోడకి అంటించుకోవచ్చు. ఒక్కటి కలుపుతాను, డ్రై ఐస్ గురించి. పలాస నుంచి బెంగళూరుకి డ్రై ఐస్‌లో వస్తాయి కదా. అది కార్బన్ డయాక్సైడ్. మూత వదులుగా ఉంటే ఆ గ్యాస్ ట్యూబ్‌లోకి దిగి శాంపిల్‌ని ఆమ్లంగా మారుస్తుంది. గట్టిగా బిగించే స్క్రూ మూతలు, పైన పారాఫిల్మ్ చుట్టు. థర్మాకోల్ పెట్టెని మాత్రం గాలి పోకుండా సీల్ చేయొద్దు, గ్యాస్ బయటికి పోయే దారి ఉండాలి. విమానంలో పంపితే డ్రై ఐస్‌ని ప్రమాదకర సరుకుగా ప్రకటించాలి, యూఎన్ 1845 లేబుల్ ఉంటుంది. శుక్రవారం పంపొద్దు. శనివారం సాయంత్రం కెంపేగౌడ ఎయిర్‌పోర్ట్ కార్గోలో ఆగితే సోమవారం దాకా దిక్కుండదు.

---

వైట్‌ఫీల్డ్‌వాసి | ఆదివారం, ఉదయం 10:15

ఉద్దానం_పిల్ల గారూ, యూరిన్, మాస్ స్పెక్ అని తేలినట్టే ఉంది కాబట్టి నేను ప్యానెల్ వాదన వదిలి, సర్వీసు వాళ్లతో ఎలా మాట్లాడాలో చెబుతాను. ఆ పని నా ఉద్యోగంలో రోజూ ఉంటుంది.

కొటేషన్‌లో "4,000 ప్రొటీన్ల దాకా" అని రాస్తారు. అది ఏ శాంపిల్‌లో అని అడగండి. సెల్ లైన్‌లో వచ్చిన అంకె యూరిన్‌కి వర్తించదు. మీ 90 శాంపిళ్లలో కనీసం 70 శాతం మందిలో కనిపించే ప్రొటీన్లు ఎన్ని ఉంటాయని అంచనా వేస్తున్నారో అడగండి. అసలు లెక్క అదే. ఒకరిద్దరిలో కనిపించి మిగతావాళ్లలో ఖాళీగా ఉండే ప్రొటీన్‌తో గణితం_మాస్టారు ఏమీ చేయలేరు.

మూడు గుంపుల్నీ కలగలిపిన వరసలో నడుపుతారా? ఆ వరస మీరే ఇవ్వండి, వాళ్లకి ఎవరు రోగో ఎవరు కాదో చెప్పొద్దు. అందరి యూరిన్ నుంచి కొంచెం కొంచెం తీసి కలిపిన క్వాలిటీ శాంపిల్ ఒకటి చేయించి, ప్రతి పదింటికి ఒకసారి నడపమనండి. మెషిన్ మధ్యలో జారిందో లేదో అందులో తెలుస్తుంది. ఈ పూల్ మాస్టారు వద్దన్న పూల్ కాదు, కొలబద్ద మాత్రమే. రా ఫైళ్లు (మెషిన్ నుంచి నేరుగా వచ్చిన డేటా) కచ్చితంగా ఇవ్వాలని ఒప్పందంలో రాయించండి. కొందరు ఎక్సెల్ ఇచ్చి ఊరుకుంటారు. పేపర్ వేసేటప్పుడు ప్రైడ్ అనే అందరికీ తెరిచిన ప్రొటీన్ డేటాబేస్‌లో రా డేటా పెట్టాలి, అప్పుడు పరుగెత్తాల్సి వస్తుంది. ఫాల్స్ డిస్కవరీ రేటు (గుర్తించినవాటిలో తప్పు గుర్తింపుల శాతం) పెప్టైడ్ దగ్గరా ప్రొటీన్ దగ్గరా 1 శాతమేనా అని కూడా అడగండి. 2,000 ప్రొటీన్లలో 1 శాతమంటే 20 తప్పు పేర్లు అందులో ఉన్నట్టే. మీరు కథ అల్లబోయే ప్రొటీన్ ఆ 20లో ఉండకూడదు కదా, అందుకే తర్వాత విడిగా నిర్ధారించుకోవాలి.

ఆ నిర్ధారణకి డబ్బు ఇప్పుడే పక్కన పెట్టండి. పై వరసలో వచ్చిన ఐదారు ప్రొటీన్లని కొత్త మనుషుల మీద, ఎలైసాతోనో (యాంటీబాడీతో ఒక్క ప్రొటీన్‌ని కొలిచే టెస్టు) టార్గెటెడ్ మాస్ స్పెక్‌తోనో (ఎంచుకున్న ప్రొటీన్లనే చూసేది) చూడాలి. అదే మనుషుల మీద మళ్లీ చూస్తే నిర్ధారణ అనిపించుకోదు.

---

నెఫ్రో_డాక్టర్ | ఆదివారం, ఉదయం 11:00

ఎథిక్స్ కమిటీ అనుమతి పలాస వైపు సంస్థలోనూ, మీ కాలేజీలోనూ రెండుచోట్లా తీసుకో. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం మిగిలిన శాంపిల్‌ని దాచి రేపు ఇంకో పరిశోధనకి వాడాలంటే దానికి విడిగా ఒప్పుకోలు ఉండాలి. బెంగళూరులోనే నడిపిస్తే ఒక తలనొప్పి తగ్గుతుంది. శాంపిల్ విదేశీ భాగస్వాముల దగ్గరికి వెళ్లే పరిశోధన అయితే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ దాకా వెళ్లాలి.

---

ఉద్దానం_పిల్ల | ఆదివారం, సాయంత్రం 6:20

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇప్పటికి అనుకున్నది ఇది. మూడు గుంపులు, అందరూ ఉద్దానం, చుట్టుపక్కల వాళ్లే: ఈజీఎఫ్‌ఆర్ 30 నుంచి 60 మధ్య ఉన్న ఉద్దానం రోగులు, అదే స్థాయిలో ఉన్న షుగర్ రోగులు, అదే ఊళ్లలో కిడ్నీ బాగున్నవాళ్లు. వయసు, మగ ఆడ నిష్పత్తి సరిపోల్చి తీస్తాం. యూరిన్‌కి మాస్ స్పెక్. ప్లాస్మా తీసి ఫ్రీజర్‌లో ఉంచుతాం. నిర్ధారణకి ఇంకో గుంపు, వచ్చే ఏడాది గ్రాంటులో అడుగుతాం.

చివరిగా ఒకటి. మొత్తం పంపేముందు కొన్ని శాంపిళ్లతో ట్రయల్ వేయమంటారా? వేస్తే ఎవరివి?

---

ట్రిప్సిన్ | ఆదివారం, రాత్రి 7:45

తప్పకుండా వేయి. ఒక్కో గుంపు నుంచి ఇద్దరివి చాలు. అందులో ఒకరిది మాత్రం రెండు ట్యూబులు పంపు, వేర్వేరు కోడ్ నంబర్లతో, సర్వీసుకి చెప్పకుండా. రిపోర్టులో ఆ రెండూ అన్నింటికంటే దగ్గరగా రావాలి. రాకపోతే 90 వాళ్లకి ఇవ్వకు, ఇంకో చోటికి వెళ్దాం. ఇంకో యూరిన్‌ని సగం వెంటనే తిప్పి ఫ్రీజ్ చెయ్యి, మిగతా సగం నాలుగు గంటలు ఐస్ పెట్టెలో ఉంచి తర్వాత చెయ్యి. మీ ఊళ్ల నుంచి పలాస సెంట్రిఫ్యూజ్ దగ్గరికి చేరడానికి పట్టే టైమ్ నిజంగా అంతే ఉంటుంది, దానివల్ల ఏవి మారతాయో ముందే తెలిస్తే ఆ ప్రొటీన్లని లెక్కలోంచి తీసేయొచ్చు. ట్రయల్ ఫైళ్లు వచ్చాక ఇక్కడే పెట్టు, మాస్టారూ నేనూ కూర్చుని చూస్తాం.

---

గణితం_మాస్టారు | ఆదివారం, రాత్రి 8:00

ఎక్సెల్ కాదు, రా ఫైళ్లు పంపు. శాంపిల్ నడిపిన తేదీ, టైమ్, వరస కూడా జతచెయ్యి.